నెలల తరబడి నిలిచిన డీజిల్ కారు ఎందుకు కుదుపుతుంది?

మే నెలలో ఒడిశాలోని పర్లాకిమిడి వెళ్లి మా ఇంటి షెడ్డు తలుపు తీసేసరికి కారు అక్కడ నిలబడి పదకొండు నెలలైంది. నాన్నగారికి తుంటి ఆపరేషన్ అయ్యాక విశాఖలో మా అప్ప దగ్గరే ఉండిపోయారు. నేనుండేది హైదరాబాద్‌లో. కిందటి జూన్‌లో బయల్దేరేటప్పుడు నెల రోజుల్లో వచ్చేస్తాం కదా అనుకుని, ట్యాంకులో పావు వంతు డీజిల్‌తోనే బండిని వదిలేశాం. ఇప్పుడు కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే చాలాసేపటికి ఇంజిన్ అందుకుంది. అందుకున్నా దాని చప్పుడు దానిది కాదు. గుర్రుమని లేస్తోంది, పడిపోతోంది, మళ్లీ లేస్తోంది. స్టీరింగ్ చేతిలో వణుకుతోంది, వెనక తెల్లటి పొగ. రెండు నిమిషాలకు దానంతటదే ఆగిపోయింది.

ఒక వర్క్‌షాప్ నుంచి మనిషిని పిలిపించాం. బానెట్ ఎత్తి, ఒక్కసారి సెల్ఫ్ కొట్టించి, చప్పుడు విని "నాలుగు ఇంజెక్టర్లూ పోయాయండీ" అన్నాడు. ఇంజెక్టరంటే సిలిండర్‌లోకి డీజిల్ చల్లే ముక్క. యాభై వేల పైమాటే అన్నాడు. ఒక్క పైపు విప్పలేదు, ఒక్క చుక్క డీజిల్ బయటికి తీసి చూడలేదు. చివరికి తేలింది ఏమిటంటే, డీజిల్ ఫిల్టర్ దగ్గర ఎండిపోయిన ఒక రబ్బరు రింగు, పగుళ్లు పట్టిన జానెడు రబ్బరు పైపు. అవి మార్చి, కొత్త ఫిల్టర్ వేస్తే రెండు వేలు కూడా కాలేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. గజపతి, రాయగడ, కొరాపుట్, గంజాం జిల్లాల్లో తెలుగువాళ్ల ఇళ్లు చూడండి. పిల్లలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. పెద్దవాళ్ల ఆసుపత్రి పనులకని కొన్న డీజిల్ కారు వాకిట్లో ఉంటుంది. దసరాకో సంక్రాంతికో పిల్లలు వస్తే రోడ్డెక్కుతుంది. మధ్యలో అది నిలబడే ఉంటుంది, పైగా నాలుగు నెలల వానాకాలం. అలాంటి బండి కుదిపితే ఏం చేయాలో ఒక క్రమం తెలిసుంటే డబ్బూ మిగులుతుంది, ఇంజినూ మిగులుతుంది.

ఆ క్రమం వెనకున్న ఆలోచన ఇది. నిలబడి ఉన్న కాలంలో ఇంజిన్ లోపల అరిగేది దాదాపు ఏమీ ఉండదు. అరుగుదల తిరిగితే వస్తుంది. నిలబడితే చెడేవి వేరు: డీజిల్, రబ్బరు, బ్యాటరీ, ఎలకలకు దొరికే వైర్లు. పార్కు చేసిన రోజు బాగా నడిచిన కారు ఇవాళ కుదుపుతోందంటే, నాలుగు ఇంజెక్టర్లూ షెడ్డులోనే ఒకేసారి అరిగిపోయాయన్న మాటకంటే ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న దారిలో ఏదో చెడిందన్న మాటే నమ్మదగ్గది. కాబట్టి వెతుకులాట ట్యాంకు దగ్గర మొదలై ఇంజెక్టర్ దగ్గర ముగియాలి. మన ఊళ్లలో ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు.

డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదని అందరికీ తెలుసు. గాలిని లోపలికి పీల్చి, దాని పరిమాణంలో పదహారో వంతుకో పద్దెనిమిదో వంతుకో నొక్కేస్తుంది. అలా నొక్కిన గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిల్‌ని మంచు తుంపరలా చల్లితే అదే అంటుకుంటుంది. అంటే గాలి బాగా నొక్కుకోవాలి, డీజిల్ సరైన క్షణంలో సరైన కొలతలో సన్నటి తుంపరగా పడాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా ఆ సిలిండర్ ఒక దెబ్బ మిస్ అవుతుంది. నాలుగింటిలో ఒకటి మిస్సయితే ఇంజిన్ ఒక కాలు కుంటుతున్నట్టు ఒకే తాళంలో కుదుపుతుంది. నాలుగూ అప్పుడొకటి ఇప్పుడొకటిగా మిస్సయితే తాళమే ఉండదు, మా కారులా లేచి పడుతుంటుంది. ఈ తేడా చెవితోనే పట్టుకోవచ్చు, పట్టుకుంటే సగం పని అయినట్టే. ఒకే తాళంలో కుంటితే లోపం ఒక సిలిండర్‌ది. తాళం లేకుండా ఊగితే నాలుగింటికీ ఉమ్మడిగా వచ్చే డీజిల్‌దో, గాలిదో, కరెంటుదో.

పాత జీపులు, పాత అంబాసిడర్ డీజిళ్లు నడిపినవాళ్లకు పంపు నుంచి ప్రతి సిలిండర్‌కీ విడి పైపు గుర్తుంటుంది. ఇప్పటి కార్లలో ఉన్నది కామన్ రైల్. కార్లలో ఇది 1997లో ఆల్ఫా రోమియో 156తో మొదలైంది. ఒకే హైప్రెషర్ పంపు డీజిల్‌ని ఒక ఉక్కు గొట్టంలోకి తోసి పెడుతుంది, అదే రైల్. నాలుగు ఇంజెక్టర్లూ అందులోంచే తీసుకుంటాయి. ఎప్పుడు తెరవాలో, ఎంతసేపు తెరవాలో కంప్యూటర్ చెబుతుంది. స్లో స్పీడ్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నప్పుడే, రైల్ లోపల 250, 300 బార్ ఒత్తిడి ఉంటుంది. యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే పదేళ్ల కిందటి కార్లలోనే 1,400, 1,600 బార్ దాకా పోతుంది. కారు టైరులో మనం కొట్టించే గాలి రెండు బార్ చిల్లర.

ఇక్కడే గాలి బుడగ ఎందుకంత ప్రమాదకరమో అర్థమవుతుంది. డీజిల్‌ని నొక్కితే అది దాదాపు కుదించుకోదు, పంపు పెట్టిన బలమంతా ఒత్తిడిగా మారుతుంది. గాలి స్పాంజిలా కుదించుకుంటుంది. పంపులోకి డీజిల్‌తో పాటు బుడగలు వెళితే, పంపు తోసిన బలంలో కొంత ఆ బుడగలను నొక్కడానికే పోతుంది. రైల్‌లో ఒత్తిడి ఒక క్షణం లేస్తుంది, మరుక్షణం జారుతుంది. కంప్యూటర్ సరిచేయబోతుంది, ఇంకో బుడగ వస్తుంది. ఇంజిన్ లేచి పడటం అందుకే. మా పక్కింటి మావయ్య రాయగడ, విశాఖ రోడ్డు మీద ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి. వర్క్‌షాప్ మనిషి వెళ్లిపోయాక ఆయన అరుగు మీద నుంచే విని, "బాబూ, అది నాజిల్ జబ్బు కాదు. ఎయిర్ పట్టింది. పైపు చూడు" అన్నారు. నాజిల్ అంటే ఇంజెక్టర్ మొన.

నేను పైపంతా తడిమి చూశాను. ఎక్కడా తడి లేదు, డీజిల్ వాసన లేదు. లీకు లేదు మావయ్యా అన్నాను. తడి లేకపోతే లీకు లేదనుకోవడం ఈ విషయంలో అందరం చేసే తప్పు. చాలా కార్లలో ట్యాంకు లోపల కరెంటు పంపు ఉండదు. బానెట్ కింద ఉన్న పంపే ట్యాంకు నుంచి డీజిల్‌ని పీల్చుకుంటుంది, మనం స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టు. స్ట్రాకి చిన్న చిల్లి పడితే నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి వస్తుంది. ఆ పైపులో ఒత్తిడి బయటి గాలికంటే తక్కువ కాబట్టి డీజిల్ చుక్క కూడా బయటపడకుండా గాలి చొరబడుతుంది. బండి ఆపాక అదే చిల్లిలోంచి గాలి దూరి, పైపులో ఉన్న డీజిల్ మెల్లగా ట్యాంకులోకి దిగిపోతుంది. పొద్దున్న సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి రావడం, అందుకున్నాక కాసేపు కుదిపి సర్దుకోవడం దీని లక్షణాలు. ట్యాంకులోనే కరెంటు పంపు ఉన్న కారైతే తాళం తిప్పగానే వెనక సీటు కింద రెండు క్షణాలు సన్నటి గుయ్‌మనే శబ్దం వస్తుంది. అలాంటి బండిలో ఆ పైపుకి చిల్లి పడితే బయటికి కారుతుంది, కంటికి కనబడుతుంది.

పీల్చుకునే రకంలో గాలి దొంగ ఎక్కడ దాక్కుంటాడు? నా లెక్కలో మొదటి అనుమానం ఫిల్టర్ మూత కింద ఉండే రబ్బరు రింగు, తర్వాత ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే స్క్రూ, ఆ తర్వాత చేతి ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్‌ని ఎక్కించే చిన్న పంపు), దాని క్లిప్పులు. రబ్బరు డీజిల్‌లో తడిసి ఉన్నంతకాలం కొద్దిగా ఉబ్బి మెత్తగా ఉంటుంది. నెలల తరబడి డీజిల్ దిగిపోయి పొడిగా ఉంటే కుంచించుకుపోయి గట్టిపడుతుంది. బండి రోజూ తిరిగినన్నాళ్లు పట్టి ఉంచిన రింగు షెడ్డులో ఉన్నప్పుడే వదిలేస్తుంది.

పరీక్ష చాలా తేలిక. ఫిల్టర్ నుంచి పంపుకి వెళ్లే పైపు బదులు అదే లావు ఉన్న పారదర్శక పైపు ముక్క తాత్కాలికంగా బిగించి ఇంజిన్ స్టార్ట్ చేయాలి. కొన్ని కార్లలో అక్కడ పారదర్శక పైపు కంపెనీ నుంచే వస్తుంది. ప్రైమ్ చేసిన వెంటనే ఒకటి రెండు బుడగలు పోతే కంగారు పడనక్కర్లేదు. రెండు మూడు నిమిషాల తర్వాత కూడా సోడా సీసాలోలా బుడగలు వస్తూనే ఉంటే దొంగ దొరికినట్టే. చిల్లి ట్యాంకు వైపు ఉందా, ఫిల్టర్ దగ్గర ఉందా తెలియాలంటే ట్యాంకు పైపు తీసేసి, శుభ్రమైన క్యాన్‌లో కొత్త డీజిల్ పోసి, ఒక పొట్టి పైపుతో నేరుగా ఫిల్టర్‌కి ఇవ్వాలి. మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపు కూడా ఆ క్యాన్‌లోకే పెట్టాలి. వేడి ఇంజిన్‌కి, బ్యాటరీకి క్యాన్ దూరంగా ఉండాలి. ఇప్పుడు ఇంజిన్ సాఫీగా తిరిగితే తప్పు ట్యాంకులోనో కారు కింద పైపులోనో ఉంది. ఇంకా బుడగలొస్తే ఫిల్టర్ దగ్గరే. మా కారులో క్యాన్‌తో పెట్టినా బుడగలు తగ్గలేదు. మూత విప్పితే రింగు వేలితో వంచగానే రెండు ముక్కలైంది. ప్రైమర్‌కి వెళ్లే రబ్బరు పైపు క్లిప్పు కింద చుట్టూ పగిలి ఉంది.

ఒక హెచ్చరిక. గాలి పట్టిందని తెలిసిన బండికి పదేపదే సెల్ఫ్ కొట్టకూడదు. హైప్రెషర్ పంపుకి వేరే ఆయిల్ ఉండదు, దానిలోంచి పారే డీజిలే దానికి ఆయిల్. డీజిల్ లేకుండా పొడిగా తిరిగితే పంపు లోపలి లోహం రాసుకుని సన్నటి పొడి రాలుతుంది. ఆ పొడి రైల్‌లోకీ ఇంజెక్టర్లలోకీ పోతే అప్పుడు నిజంగానే లక్ష దాటే ఖర్చు. ముందు చేతి ప్రైమర్ గట్టిపడేదాకా నొక్కాలి, ఆ తర్వాతే తాళం. ఒక్కోసారి పది క్షణాలు మించకుండా సెల్ఫ్ కొట్టి, నిమిషం ఆగి మళ్లీ చూడాలి.

ఇక నీళ్లు. సగం ఖాళీ ట్యాంకు ఊపిరి తీస్తుంది. పగటి వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి బయటి తేమ గాలిని లోపలికి లాక్కుంటుంది. మా ఊరి మహేంద్రతనయ నది ఒడ్డున వానాకాలం గాలిలో తేమ ఎంత ఉంటుందో మాకు ఆరని బట్టలే చెబుతాయి. ఆ తేమ ట్యాంకు గోడల మీద చెమటలా పట్టి కిందికి జారుతుంది. నీళ్లు డీజిల్‌కంటే బరువు కాబట్టి అడుగున చేరతాయి, పంపు పీల్చే గొట్టం నోరు కూడా అక్కడే. నీళ్లు తుంపర కావు, అంటుకోవు. వేడి ఇంజెక్టర్ మొనలో ఆవిరై దాన్ని దెబ్బ తీస్తాయి, ఉక్కుని తుప్పు పట్టిస్తాయి.

నీళ్లూ డీజిలూ కలిసే పొర దగ్గర బూజు కూడా పెరుగుతుంది. వినడానికి వింతగా ఉన్నా నిజం. హార్మోకోనిస్ రెసినే అనే శిలీంధ్రం డీజిల్‌లోని హైడ్రోకార్బన్లను తిని బతుకుతుంది, దానికి కావలసింది కాసిన్ని నీళ్లు, వెచ్చదనం. జిగురుగా నల్లటి నాచు ముద్దలు కట్టి ఫిల్టర్‌ని మూసేస్తుంది. అలాంటి ట్యాంకుకి ఫిల్టర్ ఒక్కటి మారిస్తే వారం బాగుంటుంది, మళ్లీ మూసుకుపోతుంది, మెకానిక్ మీద కోపం వస్తుంది. ట్యాంకు దింపి కడగాల్సిందే, ఆ తర్వాత బూజు చంపే మందు డీజిల్‌లో కలపాల్సిందే.

అందుకని పాత ఫిల్టర్ పారేయకండి. దాన్ని కోసి చూస్తే అది చెప్పేదెక్కువ. నల్లగా జారుడుగా ఉంటే బూజు. గోధుమరంగులో జిగటగా ఉంటే పాతబడిన డీజిల్ గమ్ము కట్టింది. ఎర్రటి ఇసుకలా రాలితే ట్యాంకు తుప్పు. ఫిల్టర్ అడుగు స్క్రూ వదిలి మొదట వచ్చే డీజిల్‌ని గాజు సీసాలో పట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి అడుగున గీత గీసినట్టు నీళ్ల పొర కనబడితే అనుమానం తీరిపోతుంది. మంచి డీజిల్ లేత పసుపుగా, సీసా వెనక పేపరు చదవగలిగేంత తేటగా ఉంటుంది. తేటగా ఉన్న డీజిల్ ఏడాది పాతదైనా పారబోయనక్కర్లేదు, ట్యాంకు నిండా కొత్తది కలిపితే చాలు. మబ్బుగా, నల్లగా, పుల్లటి వాసనతో ఉంటే మొత్తం తీసేయడమే మంచిది. డీజిల్ సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా నిలుస్తుందని లెక్క. అది మూసిన, చల్లటి, నిండు పాత్రలో. మన ఎండల్లో సగం ఖాళీ ట్యాంకుకి ఆ లెక్క వర్తించదు.

ఈ మాట చెబుతుంటే ఇంకో అలవాటు గుర్తొస్తుంది. "కాస్త కిరసనాయిలు పోయండి, లోపల కడిగేస్తుంది" అని సలహా ఇచ్చేవాళ్లు మా వైపు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. రేషన్ నీలి కిరసనాయిలు పోసి నడిపిన పాత జీపుల కథలూ చెబుతారు. ఆ జీపుల పంపులు వేరు, ఆ ఒత్తిళ్లు వేరు. కిరసనాయిలుకి జారుడు గుణం తక్కువ. 1,600 బార్ దగ్గర, డీజిల్ ఒక్కటే ఆధారంగా తిరిగే పంపుకి దాన్ని పోయడమంటే ఆయిల్ లేకుండా ఇంజిన్ తిప్పడం లాంటిదే. దయచేసి పోయకండి.

డీజిల్ దారి చూడకముందే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి ఖర్చు లేనివి. బ్యాటరీ మొదటిది. నిండు బ్యాటరీ ఆపిన బండిలో 12.6 వోల్టులు చూపిస్తుంది. 12కి దిగితే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగకూడదు. బ్యాటరీ బలహీనమైతే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగితే గాలి వేడెక్కదు, రైల్‌లో ఒత్తిడి చేరదు. కనీస ఒత్తిడి రానిదే కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవనే తెరవదు. పైగా వోల్టేజి పడిపోయినప్పుడు కంప్యూటర్ సంబంధం లేని నాలుగైదు ఫాల్ట్ కోడ్‌లు (లోపాన్ని సూచించే సంకేతాలు) రాసి పెట్టుకుంటుంది. వాటిని చూసి సెన్సార్లు మార్చిన పాపం చాలామందిది. నిండు బ్యాటరీ పెట్టి, కోడ్‌లు తుడిచి, మళ్లీ వచ్చినవాటినే నమ్మాలి.

రెండోది ఎలకలు. కోతల తర్వాత ఊళ్లో ధాన్యం చేరే రోజుల్లో షెడ్డులో ఉన్న కారు వాటికి మంచి ఇల్లు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి చూడండి. లోపల గడ్డి, గుడ్డపీలికలు, వరిపొట్టు కనబడితే ఇంజిన్‌కి గాలి అందక నల్లపొగ వదులుతుంది, పికప్ ఉండదు. ఇంజెక్టర్ల మీదికి వెళ్లే సన్నటి వైర్లు ఒక్కొక్కటీ చివరిదాకా చూడాలి. ఒక వైరు కొరికితే ఒక సిలిండర్ పూర్తిగా చచ్చిపోతుంది, ఇంజిన్ ఒకే తాళంలో కుంటుతుంది, అది అచ్చం ఇంజెక్టర్ పోయినట్టే ఉంటుంది. పది రూపాయల వైరు అతుకుతో పోయేది పదివేల ఇంజెక్టర్‌తో పోదు. ఇంజిన్ ఆయిల్ డిప్ స్టిక్ కూడా తీసి చూడండి. మట్టం గీత కంటే పైకి పోయి డీజిల్ వాసన వస్తే స్టార్ట్ చేయకండి, ఎక్కడో డీజిల్ ఆయిల్‌లోకి దిగుతోంది.

వరదనీళ్లలో మునిగిన కారు సంగతి పూర్తిగా వేరు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాని ముంచినప్పటిలాంటి పరిస్థితుల్లో ఇంజిన్‌లోకి నీళ్లు పోయి ఉంటే ఒక్కసారి సెల్ఫ్ కొట్టినా పిస్టన్ రాడ్ వంగిపోవచ్చు, ఎందుకంటే నీళ్లు కుదించుకోవు. అలాంటి బండి తాళం ముట్టుకోకుండా లాక్కెళ్లాలి.

పొగ రంగు కూడా చెబుతుంది. తెల్లపొగ, కళ్లు మండించే పచ్చి డీజిల్ వాసన ఉంటే డీజిల్ పడుతోంది, కాలడం లేదు. గాలి పట్టినప్పుడు, చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్‌కి ముందు వేడిచేసే గ్లో ప్లగ్ పనిచేయనప్పుడు, కంప్రెషన్, అంటే గాలి నొక్కుడు, తగ్గినప్పుడు ఇలా వస్తుంది. తెల్లపొగకి తియ్యటి వాసన ఉండి రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) వైపు చూడాలి. నల్లపొగ అంటే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్, టర్బో పైపు, మసి పట్టి తెరుచుకుని ఉండిపోయిన ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) అనుమానించాలి. నీలిపొగ ఆయిల్ కాలుతోందని. నిలబడిన ఇంజిన్‌లో పిస్టన్ రింగులు కొంచెం పట్టేసి మొదటి రోజు నీలిపొగ వచ్చి, వంద కిలోమీటర్లు తిరిగాక తగ్గిపోవడం మామూలే.

గ్లో ప్లగ్‌ల గురించి మా తీరం వైపు పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. కొరాపుట్, చంద్రగిరి లాంటి ఎత్తు ఊళ్లలో డిసెంబర్ పొద్దుటి చలికి మాత్రం ఒకటి పోయినా తెలుస్తుంది. వేడెక్కాక పూర్తిగా సర్దుకునే కుదుపు అయితే మల్టీమీటర్ పెట్టి చూడండి. మంచి ప్లగ్ ఒక ఓమ్ చుట్టుపక్కల చూపిస్తుంది, పోయినది కనెక్షనే లేనట్టు చూపిస్తుంది.

ఇవన్నీ అయ్యాక స్కానర్. వెయ్యి రూపాయల్లోపు దొరికే, కారు కంప్యూటర్‌ని చదివే బ్లూటూత్ ఓబీడీ ముక్క, ఫోన్‌లో ఒక యాప్ చాలు. చాలామంది కోడ్ చదివి ఆపేస్తారు. పి0087 అని వస్తే రైల్ ఒత్తిడి తక్కువ అని అర్థం, పంపు పోయిందని కాదు. మూసుకుపోయిన ఫిల్టర్‌కీ అదే కోడ్, గాలి పట్టినా అదే కోడ్, పంపు అరిగినా అదే కోడ్. అసలు చూడాల్సింది బండి నడుస్తుండగా కనబడే అంకెలు. కంప్యూటర్ కోరిన రైల్ ఒత్తిడి ఎంత, నిజంగా ఉన్నది ఎంత, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. స్లో స్పీడ్‌లోనే నిజమైన అంకె కోరిన అంకె చుట్టూ ఎగిరెగిరి పడుతుంటే గాలి అనుమానం. స్లో స్పీడ్‌లో బాగుండి, చంద్రగిరి వైపు ఘాట్ ఎక్కేటప్పుడు కోరినంత రాకుండా కిందికి జారిపోతుంటే డీజిల్ చాలినంత అందడం లేదు, అంటే ఫిల్టరో ట్యాంకు జాలీయో మూసుకుపోతోంది. చదునైన రోడ్డు మీద చేసే ట్రయల్‌లో ఈ రెండో లోపం బయటపడదు.

ఇప్పుడు మాత్రమే ఇంజెక్టర్ల వంతు. ఇక్కడ ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. పాత జీపులకి మేస్త్రీలు ఇంజిన్ తిరుగుతుండగా ఒక్కో సిలిండర్ పైపు నట్టు వదులు చేసి, ఏది వదిలితే చప్పుడు మారలేదో చూసి జబ్బు సిలిండర్‌ని పట్టేవారు. మంచి పద్ధతే, ఆ బండ్లకి. కామన్ రైల్ కారుకి ఇది చేయనే కూడదు. వందల బార్ల ఒత్తిడితో వచ్చే డీజిల్ ధార చర్మాన్ని సూదిలా చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాటే కనబడుతుంది, లోపల కండ చచ్చిపోతుంది. వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో తీసేయాల్సి వస్తుంది. మీ బండికి ఎవరైనా అలా స్పానర్ పెట్టబోతే ఆపండి.

దానికి బదులు ఇంజిన్ ఆపి, ఒక ఇంజెక్టర్ కరెంటు ప్లగ్గు తీసి, మళ్లీ స్టార్ట్ చేసి చూడొచ్చు. ప్లగ్గు తీసినా చప్పుడులో తేడా లేకపోతే ఆ సిలిండర్ ముందునుంచే పనిచేయడం లేదు. కొన్ని కార్లు ఇలా చేస్తే స్టార్టే కావు, వాటికి స్కానర్‌లో ఇంజెక్టర్ కరెక్షన్ అంకెలు (ఒక్కో ఇంజెక్టర్‌కి కంప్యూటర్ చేస్తున్న సవరణ) చూడాలి. నాలుగింటిలో ఒక్కటి మిగతా మూడింటికి బాగా దూరంగా ఉంటే దానిమీద దృష్టి పెట్టాలి. ఆ తర్వాత బ్యాక్ లీక్ పరీక్ష. ప్రతి ఇంజెక్టర్ రిటర్న్‌కి ఒకే సైజు సీసా తగిలించి కొన్ని నిమిషాలు నడిపితే అరిగినది మిగతావాటికి రెట్టింపో అంతకంటే ఎక్కువో నింపుతుంది. నాలుగూ సమానంగా నిండితే ఇంజెక్టర్లు మార్చాలన్న మాటకి ఆధారం లేదు. ఒకవేళ నిజంగానే మార్చాల్సి వస్తే కొత్త ఇంజెక్టర్ మీద ఉండే కోడ్‌ని కంప్యూటర్‌లో ఎక్కించమని అడగండి. చాలా కార్లలో ఆ పని చేయకపోతే కొత్త ఇంజెక్టర్ పెట్టినా కుదుపు పోదు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ అదనం. కొన్నింటిలో పొగని శుభ్రం చేసే యూరియా ద్రవం, డీఈఎఫ్, కూడా ఉంటుంది, అది ఏడాది దాటితే చెడుతుంది, ఎండితే ఉప్పులా గడ్డకడుతుంది. డాష్‌బోర్డ్ మీద ఆ దీపాలు వెలిగితే ఇంట్లో ప్రయోగాలు వద్దు.

మా కారు రింగు, పైపు, ఫిల్టర్ మార్చాక మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. పొగ అయిదు నిమిషాల్లో పోయింది. పాత ఫిల్టర్‌లోంచి అరగ్లాసు నీళ్లొచ్చాయి, బూజు లేదు, అదృష్టం. ట్యాంకు నిండా కొత్త డీజిల్ కొట్టించి, ఇంజిన్ ఆయిల్ మార్పించి, మావయ్యని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డెక్కాను. అరవై దాటగానే మళ్లీ వణుకు. నా గుండె జారింది. ఆయన "న్యూట్రల్ చెయ్యి" అన్నారు. న్యూట్రల్ చేసి వదిలినా వణుకు పోలేదు, వేగంతో పాటే తగ్గింది. అంటే అది ఇంజిన్‌ది కాదు. పదకొండు నెలలు ఒకేచోట బరువు మోసిన టైర్లు అడుగున చదునైపోయాయి. రెండు రోజులు తిరిగాక ముందువి సర్దుకున్నాయి. వెనకది ఒకటి సర్దుకోలేదు, మార్చాం.

ఈసారి వచ్చేటప్పుడు ట్యాంకు మూతి దాకా నింపి వచ్చాను. టైర్లలో గాలి కొంచెం ఎక్కువ పెట్టించాను, షెడ్డులో ఎలకల బోను పెట్టాను. వాకిట్లో నిలబెట్టి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం వల్ల లాభం లేదు, ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, సైలెన్సర్‌లో నీళ్లు పడతాయి, సెల్ఫ్ తిన్న కరెంటు కూడా బ్యాటరీకి తిరిగి రాదు. అందుకని మావయ్య మనవడికి తాళం ఇచ్చాను. రెండు వారాలకొకసారి ఆదివారం పొద్దున్న అరగంటకి తగ్గకుండా నడిపి వస్తాడు. వచ్చాక తేదీ, కిలోమీటర్లు, సెల్ఫ్ ఎన్ని క్షణాలకు అందుకుందో ఫోన్‌లో పంపిస్తాడు. పోయిన ఆదివారం రెండు క్షణాలు.